పాత ల్యాప్‌టాప్ ‘బూట్ డివైస్ నాట్ ఫౌండ్’ అంటే ఏ దారి పట్టాలి?

సంక్రాంతి సెలవులు ఇంకో రెండు రోజుల్లో అయిపోతాయనగా తెనాలి నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. “ఒరేయ్, ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నల్ల తెర మీద బూట్ డివైస్ నాట్ ఫౌండ్ అని, అంటే విండోస్ ఉన్న డిస్క్ దొరకలేదని, వస్తోందిరా. మా స్కూలు పిల్లల మార్కులన్నీ అందులోనే ఉన్నాయి” అంది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. అప్పటికే రెండు షాపుల్లో చూపించింది. ఒకాయన ఫార్మాట్ కొట్టి, అంటే డిస్క్ మీదున్నదంతా చెరిపేసి, విండోస్ వేసిస్తానన్నాడు. ఇంకొకాయన బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నాడు. “ఇద్దరూ చెరో మాట చెబితే నేను ఎవర్ని నమ్మాలి?” అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబుగానే ఇదంతా రాస్తున్నాను. పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్ స్టార్ట్ కాకుండా మొరాయిస్తే మన ముందు ఐదారు దారులు ఉంటాయి. ఉన్నదాన్నే సరిచేయడం, విండోస్ మళ్లీ వేయడం, హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన కొత్త రకం డిస్క్ పెట్టడం, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్‌కు మారడం, ఒకరు వాడాక బాగుచేసి అమ్మే రీఫర్బిష్డ్ మెషిన్ కొనడం, కొత్తదే కొనడం. వీటిలో ఏది మంచిదో ఆ మెసేజ్‌ను చూసి చెప్పలేం. లోపల ఏ భాగం దెబ్బతింది, ఆ మెషిన్ మీద రోజూ ఏం పని చేస్తారు అనే రెండూ తెలిస్తేనే చెప్పగలం. ఈ రెండూ అడగకుండా సలహా ఇచ్చేవాళ్ల మాట మీద డబ్బు ఖర్చు పెట్టకండి.

ముందు ఫైళ్ల సంగతి

దారి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. లోపలున్న ఫైళ్లు కావాలా, అక్కర్లేదా? ఫొటోలు, మార్కుల జాబితాలు, స్కాన్ చేసిన దస్తావేజులు ఇంకెక్కడా లేకపోతే, అవి బయటికి వచ్చేదాకా ఫార్మాట్ అనే మాటే ఎత్తనివ్వద్దు. మెషిన్ రిపేర్ వేరు, ఫైళ్లు కాపాడుకోవడం వేరు. చాలా షాపుల్లో మొదటిదే చేస్తారు, ఎందుకంటే మనం అదే అడుగుతాం.

ల్యాప్‌టాప్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఆన్ చేయండి. హార్డ్ డిస్క్ ఉన్న వైపు నుంచి టిక్, టిక్, టిక్ అని ఒకే తీరున చప్పుడు వస్తే వెంటనే ఆపేయండి. లోపల తిరిగే పళ్లెం మీద దాన్ని చదివే హెడ్ సరిగ్గా నిలవలేకపోతోందని అర్థం. ఆన్ చేసిన ప్రతిసారీ నష్టం పెరుగుతుంది. ఆ ఫైళ్లు నిజంగా అవసరమైతే డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికే వెళ్లాలి. డిస్క్‌ను మామూలు గదిలో విప్పితే దుమ్ము పడి పూర్తిగా పాడవుతుంది కాబట్టి, విప్పి చూస్తామనే షాపుకు అసలు ఇవ్వొద్దు.

చప్పుడేమీ లేకపోతే ఒక లైవ్ పెన్‌డ్రైవ్ చాలు. ఇంకో కంప్యూటర్‌లో లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ డౌన్‌లోడ్ చేసి, రూఫస్ లాంటి ప్రోగ్రామ్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. దానితో ల్యాప్‌టాప్ స్టార్ట్ చేస్తే, హార్డ్ డిస్క్ మీద ఏమీ రాయకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి విండోస్ ఫోల్డర్లు తెరిచి, కావాల్సినవి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవచ్చు. ఇన్‌స్టాల్ అనే గుర్తు అక్కడే కనిపిస్తుంది. దాన్ని మాత్రం ముట్టుకోకండి.

డ్రైవ్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగితే విండోస్ వేసే బిట్‌లాకర్ అనే తాళం ఉందని అర్థం. దానికి 48 అంకెల రికవరీ కీ కావాలి. విండోస్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యే అలవాటు ఉంటే, ఆ కీ సాధారణంగా ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. ఫోన్‌లోనే లాగిన్ అయి చూసుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు విండోస్‌లోని చెక్‌డిస్క్ నడపొద్దు. ఇంటర్నెట్‌లో సగం సలహాలు దానితోనే మొదలవుతాయి. అది మంచి డిస్క్ మీద పొరపాట్లు సరిచేయడానికి పనికొచ్చే సాధనం. చివరి దశలో ఉన్న డిస్క్‌ను మొదటి నుంచి చివరిదాకా గంటల తరబడి చదివిస్తే, కాపీ చేసుకోవడానికి మిగిలిన ఆ కాస్త ఓపిక కూడా అయిపోతుంది.

ఒకే మెసేజ్, వేర్వేరు జబ్బులు

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే బోర్డు మీదున్న బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ లేచి, ర్యామ్ చూసుకుని, తర్వాత విండోస్ ఎక్కడుందని డిస్క్‌ను వెతుకుతుంది. ఆ వెతుకులాటలో ఎక్కడ ఆగిందన్నదే అసలు విషయం. హెచ్‌పీ మెషిన్లు ‘బూట్ డివైస్ నాట్ ఫౌండ్, హార్డ్ డిస్క్ 3ఎఫ్0’ అంటాయి, డెల్‌వి ‘నో బూటబుల్ డివైసెస్ ఫౌండ్’ అంటాయి, పాతవి ‘ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్’ అంటాయి. మాటలు వేరైనా విషయం ఒకటే: బయోస్ దాకా అంతా బాగానే ఉంది. తెర మీద ఆ అక్షరాలు కనిపిస్తున్నాయంటే బోర్డు, ప్రాసెసర్, డిస్‌ప్లే, కనీసం ఒక ర్యామ్ చాలావరకు పనిచేస్తున్నట్టే. అందుకే ఆ మెసేజ్ చూసి బోర్డు పోయింది అనేవాళ్లను, ఎలా తెలిసిందని తప్పకుండా అడగండి.

తెర అసలు వెలగకుండా బీప్‌లు మాత్రం వస్తే అది వేరే కథ. ఎక్కువసార్లు ర్యామ్ దగ్గర తేలుతుంది. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచి మళ్లీ పెడితే లేచే మెషిన్లు చాలా ఉంటాయి.

మన విషయానికి వస్తే, మొదట పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డులు ఏమున్నా తీసేసి మళ్లీ ఆన్ చేయండి. పాత మెషిన్లలో బయోస్ ముందు పెన్‌డ్రైవ్‌ను చూసి, అందులో విండోస్ లేదని అక్కడే ఆగిపోతుంది. ఇంత చిన్నదానికి షాపు దాకా వెళ్లినవాళ్లను చూశాను.

తర్వాత బయోస్‌లోకి వెళ్లండి. డెల్, ఏసర్, ఆసుస్ మెషిన్లలో ఆన్ చేయగానే ఎఫ్2 నొక్కాలి, హెచ్‌పీలో ఎఫ్10. లెనోవోలో చాలా వాటికి పక్కన సూది మొనంత నోవో బటన్ ఉంటుంది. అక్కడ చూడాల్సింది ఒక్కటే: హార్డ్ డిస్క్ పేరు కనిపిస్తోందా?

కనిపించకపోతే సాధారణంగా రెండు అవకాశాలు. డిస్క్ పూర్తిగా పోయి ఉండాలి, లేదా డిస్క్‌కీ బోర్డుకీ మధ్య ఉన్న పల్చటి రిబ్బన్ కేబుల్ వదులై ఉండాలి. చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ నేరుగా బోర్డుకు తగలదు, ఈ కేబులే మధ్యవర్తి. బ్యాగులో వేసుకుని బస్సుల్లో తిప్పే మెషిన్లలో అది కదిలిపోతుంటుంది. వెనక మూత తీసి, ముందుగా బ్యాటరీ కనెక్షన్ ఊడదీసి, ఆ కేబుల్‌ను ఒకసారి తీసి గట్టిగా పెట్టడం పది నిమిషాల పని. మూత తీసినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనిపిస్తే అక్కడితో ఆపేసి, నొక్కకుండా, గుచ్చుకోకుండా సర్వీస్ వాళ్లకు ఇవ్వండి. టచ్‌ప్యాడ్ పైకి లేచి ఉండటం ఆ ఉబ్బుకు బయటి గుర్తు.

డిస్క్ పేరు కనిపిస్తూ కూడా స్టార్ట్ కాకపోతే గడియారం చూడండి. బయోస్‌లో తేదీ ఎప్పుడో పాత సంవత్సరానికి వెళ్లిపోయి ఉంటే, బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత సీమోస్ బ్యాటరీ అయిపోయింది. చాలా వాటిలో అది సీఆర్2032 రకం, 3 వోల్టులది. ల్యాప్‌టాప్‌లలో దానికి చిన్న వైరు కలిపి ఉంటుంది కాబట్టి వైరు ఉన్నదే అడగాలి. ఈ చిన్న బ్యాటరీ చచ్చిపోతే తేదీతో పాటు బయోస్ సెట్టింగులు కూడా ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతాయి. విండోస్ ఒక పద్ధతిలో వేసి ఉండి, బయోస్ ఇప్పుడు ఇంకో పద్ధతిలో వెతుకుతుంటుంది. స్టార్ట్ చేసే పద్ధతి లెగసీ ఉన్నచోట యూఈఎఫ్ఐ కావొచ్చు, డిస్క్‌తో మాట్లాడే పద్ధతి ఏహెచ్‌సీఐ ఉన్నచోట రెయిడ్ కావొచ్చు. మొదటిది మారితే బూట్ డివైస్ లేదంటుంది. రెండోది మారితే నీలి తెర మీద ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తుంది. రెండింటికీ మందు ఆ సెట్టింగును పాత స్థితికి మార్చి, బ్యాటరీ కొత్తది వేయడమే. మార్చే ముందు ఉన్న సెట్టింగులను ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఈ జబ్బును కనిపెట్టక ఫార్మాట్ కొట్టేస్తే విండోస్ ఎక్కుతుంది, బాగైందనిపిస్తుంది. కానీ బ్యాటరీ జబ్బు అలాగే ఉంటుంది, ఫైళ్లు మాత్రం తిరిగి రావు.

అంతా సరిగ్గానే ఉండి విండోస్ లేవకపోతే, డిస్క్ ఆరోగ్యం చూడాలి. లైవ్ పెన్‌డ్రైవ్‌లో డిస్క్స్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, అందులో డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ రిపోర్టు తెరవండి. రీఅలోకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి, బదులు పెట్టుకున్న చోట్లు), పెండింగ్ సెక్టార్లు (చదవడం కష్టమవుతున్న చోట్లు) అనే రెండు వరసలు చూడండి. రెండింటి దగ్గరా సున్నా ఉంటే డిస్క్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. పెండింగ్ దగ్గర అంకె ఉందంటే, ఆ అంకె చెప్పినన్ని చోట్ల డిస్క్ తన రాతను తానే చదువుకోలేకపోతోందన్నమాట. హెచ్‌పీలో ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 నొక్కితే కంపెనీ ఇచ్చిన పరీక్షలు కూడా ఉంటాయి. అవి తప్పు చూపిస్తే డిస్క్ మార్చాల్సిందే. ఒప్పు చూపించినా నేను స్మార్ట్ రిపోర్టు విడిగా చూస్తాను.

ఉన్నదాన్ని సరిచేయడమా, మళ్లీ వేయడమా, డిస్క్ మార్చడమా?

డిస్క్ ఆరోగ్యంగా ఉండి, విండోస్ ఫైళ్లు మాత్రమే చెడి ఉంటే మొదటి దారి స్టార్టప్ రిపేర్. విండోస్ పెన్‌డ్రైవ్‌తో స్టార్ట్ చేసి రిపేర్ అని ఎంచుకుంటే అది దానంతట అదే వెతుక్కుంటుంది. మొన్నమొన్నటి అప్‌డేట్ తర్వాత ఈ గొడవ మొదలైతే, అక్కడే అప్‌డేట్ తీసేసే అవకాశం, సిస్టమ్ రిస్టోర్ కూడా ఉంటాయి. ఖర్చు లేదు, ఫైళ్లకు ప్రమాదం తక్కువ. కానీ ఒకటి రెండు సార్లకు మించి దానితో కుస్తీ పట్టడం నాకు నచ్చదు. రెండోసారికీ లేవకపోతే కాపీ చేసుకున్న ఫైళ్లతో కొత్తగా వేసుకోవడమే తక్కువ శ్రమ.

మళ్లీ వేయడానికి విండోస్ కీ కొనాలంటే ఆగండి. విండోస్ 8తో గానీ, ఆ తర్వాతి వాటితో గానీ వచ్చిన ల్యాప్‌టాప్‌లలో కీ బోర్డులోనే రాసి ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే ఇంటర్నెట్ తగలగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. ఇంతకుముందు అసలైన విండోస్ 10 నడిచిన మెషిన్ అయితే ఆ గుర్తింపు మైక్రోసాఫ్ట్ దగ్గర నిలిచే ఉంటుంది, డిస్క్ మార్చినా పోదు. బిల్లులో కీ పేరుతో డబ్బు రాస్తే ఎందుకని అడిగే హక్కు మీకుంది.

అయితే నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. పదేళ్ల హార్డ్ డిస్క్ మీద మళ్లీ విండోస్ వేయడం, డిస్క్ బాగున్నా సరే, కష్టానికి తగ్గ ఫలితం ఇవ్వదు. 5400 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 5400 చుట్లు తిరిగే, హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 ఎంబీ చదువుతుంది, అదీ ఫైలు ఒకే చోట వరసగా ఉంటే. చిన్న చిన్న ఫైళ్లు చెల్లాచెదురుగా ఉన్నప్పుడు ఆ వేగం ఒకటి రెండు ఎంబీలకు పడిపోతుంది. విండోస్ లేవడమంటే అచ్చంగా ఆ చిన్న ఫైళ్ల పనే. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు 500 ఎంబీ దాకా ఇస్తుంది, పైగా అందులో తిరిగే భాగమే లేదు. నాలుగైదు నిమిషాలు తీసుకునే మెషిన్ అర నిమిషంలో లేస్తుంది. పాత ల్యాప్‌టాప్ మీద పెట్టే డబ్బులో దీనంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు. ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ పెట్టాలా, రెండింట్లో ఒకదానికే డబ్బుంది అంటే, 4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకు కూడా ముందు ఎస్‌ఎస్‌డీయే చెబుతాను.

కొనే ముందు మీ మెషిన్‌లో ఏది పడుతుందో చూసుకోవాలి. హార్డ్ డిస్క్ ఉన్నచోట పట్టేది 2.5 అంగుళాల సాటా రకం. దాదాపు అన్ని పాత వాటికీ అదే. బబుల్‌గమ్ పట్టీలా ఉండే ఎం.2 రకం కొన్నిటిలోనే పడుతుంది. అందులో మళ్లీ సాటా, ఎన్‌వీఎంఈ అని రెండున్నాయి, చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి, చాలా మెషిన్లలో ఒకదాని చోట ఇంకోటి పనిచేయదు. మోడల్ నంబర్ చెప్పి అడగండి. 32 జీబీ ఈఎంఎంసీ ఉన్న చవక రకం చిన్న ల్యాప్‌టాప్‌లలో స్టోరేజీ బోర్డుకే అతికించి ఉంటుంది. అది పోతే మార్చే దారి దాదాపు లేదు.

పాత డిస్క్‌ను యథాతథంగా ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయాలా, కొత్తగా వేసుకోవాలా? స్మార్ట్ రిపోర్టు శుభ్రంగా ఉండి, మళ్లీ దొరకని సాఫ్ట్‌వేర్ ఏదైనా అందులో ఉంటే క్లోన్. డిస్క్ మీద ఏ మాత్రం అనుమానం ఉన్నా ఫైళ్లు మాత్రం తెచ్చుకుని కొత్తగా వేయడమే మేలు. చెడిపోయిన విండోస్‌ను క్లోన్ చేస్తే చెడిపోయిన విండోసే వేగంగా నడుస్తుంది.

విండోసా, లినక్సా?

ఎస్‌ఎస్‌డీ పెట్టాక అందులో ఏం వేయాలన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇళ్లలో వాడేవాళ్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకం ఒకటి పెట్టింది కానీ, దానికి ప్రకటించిన గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌తో పాటు, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం ప్రాసెసరో, దాని తర్వాతిదో ఉండాలి. పదో తరానికి ముందు వాటిలో, ప్రాసెసర్ పేరులో చిన్న గీత తర్వాత వచ్చే అంకె తరాన్ని చెబుతుంది: ఐ5-8250యూ ఎనిమిదో తరం, ఐ3-4005యూ నాలుగో తరం.

ఆ నిబంధనలు దాటించి పాత మెషిన్ మీద విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ఉన్నాయి, కొన్ని షాపుల్లో అలా వేసి ఇస్తారు కూడా. మీరే సరిచేసుకోగలిగినవాళ్లయితే ప్రయత్నించండి. పిన్ని లాంటి వాళ్లకు మాత్రం నేను వేయను. మైక్రోసాఫ్ట్ ఒప్పుకోని మెషిన్‌కు పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఏదో ఒక చిక్కు రావొచ్చు, ఆ రోజు పక్కన నేనుండను.

లినక్స్ మింట్‌లో ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం 4 జీబీ ర్యామ్ మీద హాయిగా నడుస్తుంది. మింట్ 22 వరస ఉబుంటు 24.04 అనే ఇంకో లినక్స్ ఆధారంగా తయారైంది, 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఉచితం. బ్రౌజర్‌లో జరిగే పనులన్నీ, అంటే వాట్సాప్ వెబ్, యూట్యూబ్, ఈమెయిల్, స్కూలు వెబ్‌సైట్లు, విండోస్‌లో లాగే జరుగుతాయి. వర్డ్, ఎక్సెల్ లాంటి పనులకు లిబ్రేఆఫీస్ ముందే ఉంటుంది. తెలుగు టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, ఆర్‌టీఎస్ పద్ధతులు అన్నీ జోడించుకోవచ్చు.

ఇప్పుడు దాని పరిమితులు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని చేసే డీటీపీ సెంటర్లకు లినక్స్ పనికిరాదు. ఆ ఫైళ్లు అన్ని కంప్యూటర్లలో చదవగలిగే యూనికోడ్ అక్షరాల్లో ఉండవు, అను ఉన్నచోటే సరిగ్గా తెరుచుకుంటాయి. ట్యాలీ మీద లెక్కలు రాసేవాళ్లు, టెండర్లకు డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ వాడేవాళ్లు విండోస్‌లోనే ఉండటం సుఖం. ఇంకొకటి ప్రింటర్. మన ఊళ్లలో జిరాక్స్ షాపుల్లో, స్కూళ్లలో ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900ను లినక్స్‌కు కలపడం కష్టమైన పని. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు తేలిగ్గా కలుస్తాయి. మారే ముందు లైవ్ పెన్‌డ్రైవ్‌తోనే స్టార్ట్ చేసి మీ ప్రింటర్, వైఫై, సౌండ్, కెమెరా పరీక్షించుకోండి. అరగంట పడుతుంది. ఆ అరగంటలో మీకు ఏ సలహా కంటే ఖచ్చితమైన జవాబు దొరుకుతుంది.

క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ అని గూగుల్‌ది ఇంకోటి ఉంది. బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడనివాళ్లకు, ఇంట్లో నెట్ ఎప్పుడూ ఉండేవాళ్లకు సరిపోతుంది.

మెషిన్‌నే మార్చాల్సి వస్తే

ఎస్‌ఎస్‌డీ పెట్టినా దండగే అనిపించే మెషిన్లు కొన్నుంటాయి. స్క్రీన్ కీళ్లు విరిగి, బ్యాటరీ పది నిమిషాలు కూడా నిలవక, కీబోర్డులో సగం అక్షరాలు పడని దానికి డిస్క్ ఒక్కటి మార్చి లాభం లేదు. నా లెక్క ఇది: చేయించాల్సిన పనులన్నీ కాగితం మీద రాసి కూడండి. ఆ మొత్తం, మీకు పనికొచ్చే రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ ధరలో మూడో వంతు దాటితే రిపేర్ ఆపేయండి. బోర్డు రిపేర్ అయితే ఇంకా ముందే ఆపేస్తాను. ఒక చిప్ మార్చాక ఇంకోటి పోదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

కొత్త చవక ల్యాప్‌టాప్ కంటే రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటి ఆఫీసు రకాలనే నేను ఎంచుకుంటాను. వాటి కీబోర్డులు, కీళ్లు గట్టివి, విప్పడం తేలిక, విడిభాగాలు దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, తెలిసిందే. అక్కడైనా మీ ఊళ్లోనైనా చూడాల్సినవి: ప్రాసెసర్ ఎనిమిదో తరం కంటే పాతది కాకూడదు, బయోస్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ అడగకూడదు, బ్యాటరీ మీద కనీసం అరగంట మీ ముందే నడవాలి, వారంటీ ఎన్నాళ్లో బిల్లు మీద రాసివ్వాలి. బయోస్ పాస్‌వర్డ్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఏదో కంపెనీ నుంచి వచ్చిన మెషిన్‌కు అది మిగిలిపోతే, రేపు స్టార్టప్ ఎర్రర్ వచ్చినప్పుడు సెట్టింగులు మార్చే దారే ఉండదు.

సరికొత్తది ఎవరికి? కాలేజీలో చేరుతున్న పిల్లలకు, వీడియో ఎడిటింగ్, కోడింగ్ లాంటి పనుల మీద బతుకు ఆధారపడినవాళ్లకు. ప్రశ్నపత్రం టైప్ చేసుకోవడానికి కాదు.

షాపులో ఇచ్చేటప్పుడు

మూత విప్పడం ఇష్టం లేకపోతే షాపుకే ఇవ్వండి, అందులో తప్పేమీ లేదు. చేతిలో పనితనం ఉన్న మంచి టెక్నీషియన్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. అయితే ‘బాగుచేయండి’ అని వదిలి రాకుండా మూడు మాటలు చెప్పండి. నా ఫైళ్లు కావాలి, అడక్కుండా ఫార్మాట్ చేయొద్దు. డిస్క్ మారిస్తే పాతది నాకు ఇచ్చేయండి. బయోస్‌లో డిస్క్ కనిపిస్తోందో లేదో, స్మార్ట్ రిపోర్టు ఏమందో ఫొటో తీసి పంపండి. ఈ మూడో మాట విన్నప్పుడు ఎదుటివాళ్లు చెప్పే తీరును బట్టే వాళ్ల పనితనం తెలిసిపోతుంది.

పిన్ని ల్యాప్‌టాప్, బాబాయి స్నేహితుడి ల్యాప్‌టాప్

ఆ ఆదివారం తెనాలి వెళ్లి చూస్తే బయోస్‌లో డిస్క్ పేరే లేదు. మూత తీసి కేబుల్ సరిచేస్తే పేరు వచ్చింది, విండోస్ కూడా మెల్లగా లేవసాగింది. పిన్ని మొహం వెలిగిపోయింది. కానీ స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు 40కి పైనే ఉన్నాయి. కేబుల్ దగ్గరే ఆగిపోయి ఉంటే ఇంకో రెండు మూడు నెలల్లో అదే తెర మళ్లీ చూసేవాళ్లం, ఈసారి ఫైళ్లు లేకుండా. అందుకే వెంటనే ఆపేసి, లైవ్ పెన్‌డ్రైవ్‌తో మార్కుల జాబితాలు ముందు, చెల్లెలి పెళ్లి ఫొటోలు తర్వాత కాపీ చేశాం. మూడు ఫొటోలు మాత్రం రాలేదు. అవి వాట్సాప్‌లో చుట్టాల దగ్గర దొరికాయి.

ఆమె టైప్ చేసేదంతా యూనికోడ్‌లోనే, ప్రింటు స్కూల్లో తీసుకుంటుంది, మిగతా పనంతా బ్రౌజర్‌లోనే. మెషిన్ నాలుగో తరం ఐ3. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ పెట్టి, లినక్స్ మింట్ వేశాను. డెస్క్‌టాప్ మీద ఆమె ఫోల్డర్ల పేర్లు పాత వరసలోనే పెట్టాను. మొదటి వారం నాలుగుసార్లు ఫోన్ చేసింది, అన్నీ పెన్‌డ్రైవ్ ఎక్కడ కనిపిస్తుందన్న ప్రశ్నలే. తర్వాత చేయలేదు.

ఈ సంగతి విని బాబాయి స్నేహితుడు తన మెషిన్ తెచ్చాడు. ఆయనది డీటీపీ సెంటర్, పదిహేనేళ్ల శుభలేఖలు, కరపత్రాలు అన్నీ అను ఫాంట్లలోనే. అదే మెసేజ్, అదే వయసు ల్యాప్‌టాప్. తేదీ చూస్తే పాత సంవత్సరంలో ఉంది, సీమోస్ బ్యాటరీ అయిపోయి బూట్ పద్ధతి మారిపోయింది. బ్యాటరీ మార్చి, సెట్టింగ్ తిప్పేసరికి విండోస్ మామూలుగా లేచింది. డిస్క్ రిపోర్టు శుభ్రంగా ఉంది. ఆయనకు లినక్స్ చెప్పలేదు. ఉన్న విండోస్ 10నే ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసి, ఆ మెషిన్‌కు ఇంటర్నెట్ తీసేయమన్నాను. ఈమెయిల్‌లో వచ్చే మ్యాటర్ అంతా ఇప్పుడు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి, వైరస్ స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకుంటున్నాడు. ఆయన పాత డిస్క్ మంచిదే కాబట్టి దాన్ని ఒక యూఎస్‌బీ కేసింగ్‌లో పెట్టి ఇచ్చాను. వారానికోసారి, శనివారం షాపు మూసే ముందు, దానిలోకి బ్యాకప్ తీసుకుంటాడు.

పిన్ని పాత డిస్క్‌ను మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అందులో వందల మంది పిల్లల వివరాలు ఉన్నాయి. దాని మీద ‘చెడిపోయింది, వాడొద్దు’ అని రాసిన కాగితం అతికించి బీరువాలో పెట్టింది.